డిస్కు మహాశయులకు సన్మాన పత్రం

మహాశయా!

పాత చారిత్రక చిత్రాలను డిస్కులుగా వేసి ఊరూరా అమ్మినందుకు ఇంతవరకు మీకెవరూ శాలువా కప్పలేదు. హీరోకి కప్పారు, దర్శకుడికి కప్పారు, అదే సినిమా వందసార్లు చూసిన అభిమానిని కూడా వేదిక ఎక్కించి దండ వేశారు. ఆ సినిమాకు సరికొత్త ఆకారమూ సరికొత్త గొంతూ ప్రసాదించిన మిమ్మల్ని మాత్రం ఏ సభా తలచుకోలేదు. ఆ కొరత తీర్చడానికి, మీ సరుకు డబ్బిచ్చి కొన్న ప్రేక్షకులం కొందరం కలిసి ఈ పత్రం సమర్పించుకుంటున్నాం. మీ పేరు రాయలేదని నొచ్చుకోకండి. మీ వ్యాపారంలో ఈ ప్రశంసకు తగినవారు చాలామందే ఉన్నారు. ఒకరి పేరెత్తితే తక్కినవారు చిన్నబుచ్చుకుంటారు.

చౌకధరల దానకర్ణా!

మీ ఔదార్యంతోనే మొదలుపెట్టాలి. 2007లో వీసీడీ 28 రూపాయలకూ, డీవీడీ 34 రూపాయలకూ బజారుకు వచ్చిన రోజున చరిత్ర చవకబడింది. శ్రీకృష్ణదేవరాయలు కిరాణా కొట్లో సబ్బుల పక్కన వేలాడాడు. అంత ధరకు రాయలవారిని ఇస్తుంటే, ఆయన మొహం కూడా కనబడాలని కోరడం అత్యాశే. మేం కోరలేదు. ఇచ్చినదాన్నే కళ్లు చికిలించుకుని చూశాం. చూసినకొద్దీ మీ ప్రతిభ బయటపడింది.

వీసీడీలో బొమ్మ అంటే అడ్డంగా 352 చుక్కలు, నిలువుగా 288. సభ నిండా అష్టదిగ్గజాలు కొలువుదీరినప్పుడు ఒక్కొక్క దిగ్గజానికి పట్టుమని పదిహేను చుక్కల మొహం దక్కుతుంది. అందులోనే కళ్లు, ముక్కు, నామం, పాండిత్యం అన్నీ సర్దుకోవాలి. పెద్దన ఎవరో ధూర్జటి ఎవరో తేల్చుకోలేక ప్రేక్షకుడు సాహిత్య చరిత్ర పుస్తకం తీస్తాడు. తెలుగు సాహిత్యానికి ఇంతటి సేవ విశ్వవిద్యాలయాలు కూడా చేయలేదు. పైగా ఒక్క డిస్కులో పట్టేది 74 నిమిషాలు. మూడు గంటల సినిమా మూడు డిస్కులవుతుంది. రాజుగారి మీద కుట్ర పన్నేవాడు నోరు తెరిచిన క్షణాన మొదటి డిస్కు అయిపోతుంది. లేచి డిస్కు మార్చి కూర్చునేసరికి కుట్ర సగం జరిగిపోయి ఉంటుంది. గూఢచారులకు కూడా దొరకని రహస్యం అలా భద్రంగా నిలిచిపోతుంది.

చట్ర చక్రవర్తీ!

1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో మొట్టమొదటి సినిమాస్కోప్ చిత్రం. కృష్ణకు అది నూరవ సినిమా. దర్శకుడు వి. రామచంద్రరావు చిత్రం పూర్తికాకుండానే కన్నుమూస్తే, మిగిలిన భాగం కృష్ణే దగ్గరుండి పూర్తి చేయించారు. ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామి మన్యం కొండలను ఒక చివరి నుంచి మరో చివరి దాకా చూపించాలని ప్రత్యేకమైన కటకం పెట్టుకున్నారు. అది దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి ఫిల్ములో ఇరికిస్తుంది. హాల్లో ఇంకో కటకం దాన్ని మళ్లీ విప్పి, ఎత్తుకు 2.35 రెట్ల వెడల్పున పరుస్తుంది. ఆ వెడల్పు చూడడానికే జనం బళ్లు కట్టుకుని వచ్చారు.

మీరు మాత్రం ఆ ఆర్భాటానికి లొంగలేదు. పాత టీవీ పెట్టె వెడల్పు ఎత్తుకు 1.33 రెట్లే గదా, పైనా కిందా నల్లటి పట్టీలు కనబడితే కొన్నవాడు బొమ్మ తక్కువైందని బెంగపడతాడు గదా అని ఆలోచించి, రెండు పక్కలా కోసేసి నిండుగా చూపించారు. లెక్క వేస్తే నూటికి నలభై మూడు పాళ్లు బొమ్మ పోయింది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయిన దండు సీతారామరాజుది. దాన్ని అణచడానికి తెల్లదొరలు మలబారు పోలీసులనూ, అస్సాం రైఫిల్స్‌నూ దించి 1924 మే దాకా అడవుల్లో అవస్థలు పడ్డారు. ఆ దండులో దాదాపు సగం మందిని మీరు ఒక్క కోతతో చట్రం అవతలే ఆపేశారు. తిరుగుబాటును అణచే పని మీదున్న రూథర్‌ఫర్డ్ దొరకు మీ ఆచూకీ తెలియకపోవడం సీతారామరాజు అదృష్టం.

రాజూ రూథర్‌ఫర్డూ ఎదురెదురుగా నిలబడినప్పుడు మీ కౌశలం మరీ గొప్పది. వెడల్పాటి తెర మీద ఒక చివర కృష్ణ, ఇంకో చివర జగ్గయ్య నిలబడితే, ఇద్దరి మధ్యా ఉన్న ఖాళీలో వైరం కనబడుతుంది. మీ డిస్కులో ఒక పక్క గడ్డం కొస, మరో పక్క టోపీ అంచు, నడుమ నిండా గోడ. సామ్రాజ్యవాదానికీ విప్లవానికీ మధ్య జరిగిన సంవాదాన్ని గోడకు అప్పగించిన తొలి కళాకారులు మీరే. పేర్లు పడేటప్పుడు దర్శకుడి పేరు మొదటి అక్షరమూ చివరి అక్షరమూ పోయి నడిమి ముక్క మిగులుతుంది. వినయమంటే అదీ. పేరు కోసం పాకులాడకూడదని పెద్దలు చెప్పడమే గాని చేసి చూపించినవారు లేరు.

తరవాత కాలం మారింది, టీవీలు వెడల్పయ్యాయి. ఇక మీకు పని ఉండదేమోనని కంగారుపడ్డాం. మీరు మమ్మల్ని నిరాశపరచలేదు. ఈసారి పాత నలుపు తెలుపు చిత్రాల మీద దయ చూపారు. 1956 నాటి ‘తెనాలి రామకృష్ణ’ చతురస్రానికి దగ్గరైన చట్రంలో తీసినది. దాన్ని వెడల్పు టీవీకి నింపాలంటే పైనా కిందా కలిపి నూటికి ఇరవై మూడు పాళ్లు కోయాలి. కోశారు. పైన ఎన్టీఆర్ రాయలవారి కిరీటం పోయింది, కింద పాదాలు పోయాయి. నాగేశ్వరరావు రామకృష్ణకవి వంగి నమస్కరిస్తే ఎవరికి నమస్కరిస్తున్నాడో తెలియదు. రాజుకూ కవికీ మధ్య తేడాలన్నీ అలా చెరిగిపోయాయి. కోయడానికి చేయి రాని మీ సోదర సంస్థలు కొన్ని బొమ్మను అడ్డంగా సాగదీశాయి. మంత్రులు, సేనానులు, నర్తకీమణులు అందరూ మూడోవంతు లావెక్కారు. విజయనగర సామ్రాజ్యంలో రత్నాలు రాశులు పోసి అమ్మారని చదువుకున్నాం. తిండికి కూడా లోటు లేదని మీరు రుజువు చేశారు.

స్వచ్ఛతా సార్వభౌమా!

ఫిల్మంటే వెండి లవణాల రేణువులు. బొమ్మ ఆ రేణువుల మీద ఉండదు, ఆ రేణువులే బొమ్మ. ఆ సంగతి తెలియని పామరులు తెర మీద సన్నగా కదిలే నలుసు చూసి, అదే అసలు ఫిల్ము అని మురిసిపోతారు. మీకు మురికి గిట్టదు. కంప్యూటరులో ఒక మీట నొక్కి రేణువంతా తుడిచేశారు. దానితో పాటే రాయలవారి బుగ్గ మీది ముడతలూ, పట్టుబట్ట మీది జరీ పోగులూ, తిమ్మరుసు కనుబొమల తెల్లవెంట్రుకలూ పోయాయి. అరవై ఏళ్ల మంత్రి పాతికేళ్ల పెళ్లికొడుకులా నిగనిగలాడుతున్నాడు. మేకప్ మనిషి మూడు గంటలు కష్టపడి అతికించిన వయసును మూడు సెకన్లలో దింపేశారు.

నునుపు తేలిన బొమ్మ మసకగా కనబడుతుంది గనక, దానికి విరుగుడుగా అంచులు పదునుపెట్టారు. అప్పుడు ప్రతి తల చుట్టూ ఒక తెల్లటి గీత మొలిచింది. ప్రభామండలం దేవుళ్లకే ఉంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాం. ద్వారపాలకుడికీ, వింజామర వీచే దాసికీ, శత్రుసేనలో మొదటి దెబ్బకే పడిపోయే సిపాయికీ కూడా మీరది అనుగ్రహించారు. కులమతాలకు అతీతమైన ఆ వెలుగు చూసి చేతులు జోడించాం.

మీ కీర్తి సముద్రాలు దాటిన ముచ్చట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. రిడ్లీ స్కాట్ తీసిన ‘గ్లాడియేటర్’ 2009లో బ్లూ-రేగా వచ్చింది. జర్మేనియా అడవిలో రోమన్ సైన్యం నిప్పు బాణాలు వదిలే ఘట్టం అందులో ప్రసిద్ధం. దుమ్మును పట్టే యంత్రం ఒక సూత్రం మీద నడుస్తుంది: ముందు ఫ్రేములోనూ తరవాతి ఫ్రేములోనూ లేనిది మధ్య ఫ్రేములో మాత్రమే కనబడితే అది దుమ్మే. దూసుకుపోయే బాణం ఏ రెండు ఫ్రేముల్లోనూ ఒకే చోట ఉండదు. యంత్రం కొన్ని బాణాలను దుమ్ముగా లెక్కగట్టి ఏరిపారేసింది. రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరేలియస్ శత్రువులు ఆ విధంగా బతికిపోయారు. అమెరికా సేనాని కథ ‘ప్యాటన్’ను 65 మిల్లీమీటర్ల పెద్ద ఫిల్ము మీద తీస్తే, 2008లో వచ్చిన బ్లూ-రేలో దాని చర్మమంతా ఒలిచి పెట్టారు. 2010లో ‘స్పార్టకస్’ బానిసలకు కూడా అదే నునుపు పట్టింది.

అయితే ఆ విదేశీయులకు మీ పట్టుదల లేదు. చూసినవాళ్లు గగ్గోలు పెట్టగానే మెత్తబడిపోయారు. ‘గ్లాడియేటర్’ మరుసటి ఏడే మారింది, ‘ప్యాటన్’ 2012లో మారింది. ‘స్పార్టకస్’ కోసం పాత చిత్రాల ఉద్ధారకుడు రాబర్ట్ హ్యారిస్‌ను కూర్చోబెట్టి, మొదటి నుంచి మళ్లీ స్కాన్ చేయించి 2015లో కొత్త డిస్కు వేశారు. ఒక్కసారి పాడుచేశాక దానికి కట్టుబడి ఉండాలన్న నియమం వాళ్లకు లేదు. మీరైతే వీసీడీలో చేసినది డీవీడీలో చేశారు, డీవీడీలో చేసినదే ఇంటర్నెట్టులో చేస్తున్నారు. నిలకడ అంటే మీదే.

రణరంగ ధీరా!

1757 జనవరి 24న బొబ్బిలి కోట ముందు జరిగిన యుద్ధం గురించి వేరే చెప్పనక్కర్లేదు. 1964లో ఆ కథ ‘బొబ్బిలి యుద్ధం’గా తెరకెక్కినప్పుడు రంగారాయుడుగా ఎన్టీఆర్, తాండ్ర పాపారాయుడుగా ఎస్వీ రంగారావు, మల్లమ్మగా భానుమతి. కోట మీద ఫిరంగులు పేలతాయి, పొగ కమ్ముతుంది, గుర్రాలు దుమ్ము రేపుతాయి. డిస్కు మీద బొమ్మను కుదించే యంత్రానికి సభలో కదలక కూర్చున్న మంత్రి అంటే ప్రాణం. పొగ, దుమ్ము, నీటి తుంపర, మంట అంటే దానికి గుండె దడ, ఎందుకంటే అందులో ప్రతి చుక్కా ప్రతి ఫ్రేములో మారుతుంది. వీసీడీలో సెకనుకు పదకొండున్నర లక్షల బిట్లు మాత్రమే బొమ్మకు కేటాయించారు. పొగ రాగానే అవి చాలవు. యంత్రం చేతులెత్తేసి తెరను గళ్లు గళ్లుగా విడగొడుతుంది. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటను మాత్రమే పగలగొట్టగలిగాయి. మీరు పొగను సైతం పగలగొట్టారు.

చీకటి దృశ్యాలకూ మీరు చేసిన ఉపకారం తక్కువది కాదు. కాంట్రాస్టు పెంచితే బొమ్మ ‘పంచ్’గా ఉంటుందని ఎవరో మీకు చెప్పారు. నలుపులో ఎన్ని ఛాయలున్నా అన్నిటినీ ఒక్క తారులో ముంచేశారు. ‘మహామంత్రి తిమ్మరుసు’ 1962లో వచ్చింది, గుమ్మడి తిమ్మరుసు. చివరికి రాజద్రోహం మోపి ఆ మహామంత్రి కళ్లు తీయిస్తారు. చెరసాల చీకటిలో గుమ్మడి మొహం మీద ఏం కదిలిందో చూద్దామని దగ్గరికి జరిగి కూర్చున్నాం. ఏమీ కనబడలేదు. తిమ్మరుసుకు పడిన శిక్ష ప్రేక్షకుడికీ పడింది. ఆయన మీద కనీసం అభియోగం మోపారు. మేం చేసిన ద్రోహం ఏమిటో ఎవరూ చదివి వినిపించలేదు.

నాదబ్రహ్మా!

ఆ రోజుల్లో సినిమాకు ధ్వని ఒకే పాయ. ఫిల్ము అంచున సన్నటి గీతలా అచ్చయి, దాని గుండా వెలుతురు పోతే మాటయ్యేది. తెర వెనక స్పీకరు నుంచి వచ్చిన ఆ ఒక్క గొంతే వెయ్యిమందికి సరిపోయేది. అందులో చిన్న ‘సర్ర్’ మనే చప్పుడు ఉంటుంది. మీరు దాన్ని సహించలేదు. వడగట్టేశారు. ఆ చప్పుడు ఉన్న ఎత్తులోనే తాళాల గణగణ, వీణ మీటినప్పటి తొలి గోటి దెబ్బ, పద్యం ఎత్తుకునే ముందు ఘంటసాల లోపలికి పీల్చిన ఊపిరి ఉంటాయి. అవీ పోయాయి. ఊపిరి తీసుకోకుండా పద్యం పాడే యోగవిద్య ఆయనకు మీరు మరణానంతరం నేర్పించారు.

ఒకే పాయ అంటే పేదరికమని జాలిపడి, దాన్ని చీల్చి ‘5.1 సరౌండ్’ అని అట్ట మీద అచ్చేశారు. పాపారాయుడు ముందు తెర మీద మీసం దువ్వుతాడు, ఆయన గర్జన సోఫా వెనక నుంచి వస్తుంది. ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూస్తే గోడ గడియారం. దర్బారు గంభీరంగా ఉండాలని ప్రతి మాటకూ ప్రతిధ్వని తగిలించారు. అదే ప్రతిధ్వని అంతఃపురంలోనూ ఉంది, అడవిలోనూ ఉంది. చెట్టు కింద ఇద్దరు వేగులు గుసగుసలాడినా కల్యాణమంటపంలో మైకు పెట్టి మాట్లాడినట్టే మోగుతుంది. గూఢచర్యంలో పారదర్శకత ఉండాలన్న మీ ఆశయం మెచ్చదగినది.

కాలజయీ!

సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. మన దేశపు టీవీ పద్ధతి 25. ఆ ఒక్క ఫ్రేము తేడా సర్దడానికి సినిమాను కాస్త తొందరగా తిప్పేస్తే పనైపోతుందని మీ సోదరుల్లో కొందరు కనిపెట్టారు. మూడు గంటల చిత్రం ఏడు నిమిషాల ముందే ముగుస్తుంది. శ్రుతి మాత్రం హార్మోనియం మీద ఒక మెట్టులో పదింట ఏడు పాళ్లు పైకి జరుగుతుంది. ఎస్వీ రంగారావు గొంతులోని బరువు కొంత దిగి, ఆయన కుర్రవాడవుతాడు. వీరులు చకచకా పోరాడి చకచకా మరణిస్తారు. ఇవాళ ఎవరికీ తీరిక లేదు గనక వీరమరణాల్లో కూడా సమయం కలిసి రావడం మంచిదే.

అక్కడక్కడా పెదవులకూ మాటకూ పొంతన తప్పింది. రాజాజ్ఞ వినబడకముందే భటులు తల వంచి కదిలిపోతారు. అంతటి రాజభక్తిని మూలచిత్రంలో దర్శకుడు కూడా ఊహించలేదు. అసలు నెగెటివు వెతికే శ్రమ పడకుండా, చిన్న ఊళ్ల బి, సి సెంటర్లలో ఆడి ఆడి అరిగిన ప్రింటునే తెచ్చి డిస్కు వేశారు గనక, రీలు మారే చోట కుడివైపు పైమూలన చుక్క మెరుస్తుంది, గీతలు వానలా కురుస్తాయి, తెగిన చోట అతికిన పద్యంలో ఒక పాదం ఉండదు. చంపకమాలలో మూడు పాదాలే ఉంటే ఛందస్సు మాస్టార్లు నొచ్చుకుంటారేమో గాని, మీరు కొత్త ఛందస్సుకు దారి తీశారని మేం అంటాం.

వర్ణ వితరణశీలా!

ఈస్ట్‌మన్ కలర్ ప్రింటు పాతబడితే అందులో ముందుగా వెలిసిపోయేది నీలిఛాయ. మిగిలేది ఎరుపు. ‘అల్లూరి సీతారామరాజు’లో మన్యం పచ్చదనమూ, పోలీసుల ఖాకీ, రాజు కాషాయమూ వేరువేరుగా కనబడాలని కళాదర్శకులు ఏవేవో తిప్పలు పడ్డారు. వెలిసిన ప్రింటును సవరించకుండా ఎక్కించడం వల్ల అడవీ ఆకాశమూ పోలీసులూ విప్లవకారులూ ఒకే గులాబీరంగు తేలారు. తిరుగుబాటు సినిమా ఎర్రబారితే తప్పేముందని మీరు సరిపెట్టుకుని ఉంటారు. తెల్లదొర కూడా ఎర్రబడ్డాడు. పోరాటం గెలిచిందని మేం సంతోషించాం.

ఇంత చేసి చివర్లో మీ ముద్ర వేయకుండా ఉండలేకపోయారు. ఒక మూలన మీ చిహ్నం గిరగిర తిరుగుతుంది, కిందనుంచి మీ ఫోను నంబరు పాకుతుంది. సరిగ్గా రాయలవారు సింహాసనం ఎక్కే వేళకు నగల దుకాణం ప్రకటన ఎడమనుంచి వస్తుంది. విజయనగరం వజ్రాలకు అంతకన్నా తగిన చోటు ఇంకేముంది?

పునర్జన్మ ప్రదాతా!

మీ మహిమలన్నిటికీ మకుటాయమానం ఇటీవలి ‘4కే రీమాస్టర్’. అసలు ఫిల్మును మళ్లీ స్కాన్ చేయడం మామూలు మనుషులు చేసే పని. మీరు ఆ పాత వీసీడీనే తీసి, యంత్రంతో ఊదించి, 4కే అని పేరు పెట్టారు. ముందే చెప్పాం, వీసీడీ ఫ్రేముకు లక్ష పైచిలుకు చుక్కలు. 4కే అంటే 3840 గుణించు 2160, దాదాపు ఎనభై మూడు లక్షలు. అంటే ప్రతి 82 చుక్కల్లో ఒక్కటి మాత్రమే సినిమాది, తక్కిన 81 మీవి. ఈ లెక్కన ‘తెనాలి రామకృష్ణ’కు దర్శకుడు బి.ఎస్. రంగా అని చెప్పుకోవడం ఇక కుదరదు. ఆయన వాటా నూటికి ఒకటింపావు కన్నా తక్కువ. యంత్రం తన ఊహ కొద్దీ వేసిన కనురెప్పలూ, పళ్లూ, వేళ్లూ చూస్తుంటే, ఒక్కో ఫ్రేములో ఒక్కో రాయలు కనిపిస్తాడు. అష్టదిగ్గజాలకు తోడు అష్టరాయలు దొరికారు.

మీ దారిలో నడిచే శిష్యులనూ ఈ సందర్భంగా స్మరించుకోవాలి. టీవీ తయారీదారుల్లో కొందరు ముందే ‘వివిడ్’ మోడు పెట్టి పంపుతారు. రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేమును యంత్రమే కల్పించి కదలికను నున్నగా జారేట్టు చేస్తుంది. దానితో బొబ్బిలి యుద్ధం సాయంత్రం ఏడున్నర సీరియల్ అయిపోయింది. దీన్ని ఆపేయమని 2018లో టామ్ క్రూజ్ వంటి నటుడే వీడియో పెట్టి ప్రజలను బతిమాలుకున్నాడు. మరుసటి ఏడు కొన్ని కంపెనీలు కలిసి ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ అని ఒక సెట్టింగు తెచ్చి ఈ విన్యాసాలన్నీ ఒక్క నొక్కుతో ఆగిపోయే ఏర్పాటు చేశాయి. అయినా దాన్ని మెనూలో ఆరు మెట్ల కింద దాచిపెట్టి మీ గౌరవం కాపాడారు. ఇక సమీక్షకులు. మెట్రోలో నిలబడి ఫోనులో రెండు పాటలు చూసి, ‘ప్రింటు అద్భుతం, సౌండు సూపర్’ అని అయిదు నక్షత్రాలు వేసేస్తారు. జుట్టు పోగులు విడివిడిగా ఉన్నాయా, నీడలో ఏమైనా మిగిలిందా, చట్రం చట్రంగా ఉందా, పద్యానికి ముందు ఊపిరి వినిపిస్తోందా అన్న పాతకాలపు ప్రశ్నలు అడిగి మీ మనసు కష్టపెట్టరు.

చరిత్ర నిర్మాతా!

ఇంత స్తుతి చేశాక మీ అసలు గొప్పతనం చెప్పకపోతే పత్రం అసంపూర్ణం. చారిత్రక చిత్రంలో రెండు చరిత్రలుంటాయి. ఒకటి తెర మీద చెప్పే కథ. అది ఎంత నిజమో రాసినవారికే తెలుసు. కవులు, నిర్మాతలు, అభిమానులు తలా ఒక చేయి వేసి దాన్ని ఎప్పుడో మార్చేశారు. రెండోది ఆ ఫిల్ములోనే అచ్చయిన చరిత్ర. ఆనాడు మద్రాసు స్టూడియోలో ఏ లైటు ఏ స్తంభం మీద పడిందో, ప్లాస్టరు సింహాసనానికి ఏ నగిషీ చెక్కారో, ఎన్టీఆర్ ఆ రోజున ఏ వయసులో ఉన్నారో, పద్యం ఏ శ్రుతిలో పలికిందో, 1974లో తెలుగు తెర ఎంత వెడల్పయిందో అందులో ఉంది. ఇది మాత్రం ఎవరూ కల్పించలేని సాక్ష్యం. మొదటిదాని జోలికి పోవడానికి రచయితలు చాలు. రెండోదాన్ని చెరపడానికి మీవంటివారే కావాలి.

మీకు కాలం కూడా కలిసివచ్చింది. అసిటేటు ఫిల్ము వేడికీ చెమ్మకీ కుళ్లి వినిగరు వాసన కొడుతుంది, చుట్టుకుపోతుంది, చివరికి ముక్కలవుతుంది. నలుపు తెలుపు ప్రింట్లను వెండి కోసం కడిగేసుకున్నవారున్నారు. ల్యాబులు మూతపడ్డప్పుడు నెగెటివుల డబ్బాలకు యజమానులు రాలేదు. పుణెలో 1964 నుంచి జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉన్నా, ఇచ్చేవారు ఉంటేనే గదా దాచేది. ఈ విధంగా అసలు ప్రతులు ఒక్కొక్కటే తప్పుకుంటే మిగిలేది మీ డిస్కు. రేపటి పిల్లలు కిరీటం లేని రాయలనూ, సగం దండు లేని సీతారామరాజునూ, ఊపిరి లేని ఘంటసాలనూ చూసి, అప్పటి తెలుగువారు ఇలాగే సినిమాలు తీసేవారని నమ్ముతారు. తప్పు మీది అని ఎవరికీ తెలియదు, మా తాతలది అనుకుంటారు. ఇంతటి అజ్ఞాత కీర్తి మరే కళాకారుడికీ దక్కదు.

కాబట్టి ఈ శుభవేళ మీకు ఒక పట్టుశాలువా సమర్పిస్తున్నాం. మీ భుజాలకు నిండుగా కనబడాలని రెండు పక్కలా కలిపి నూటికి నలభై మూడు పాళ్లు కత్తిరించాం. జరీ నలుసులా మెరుస్తుంటే మురికి అనుకుంటారని గీకేశాం. మీ గురించి చదివిన పద్యంలో ఒక పాదం లేదు, గాయకుడి మాట వేదిక వెనక నుంచి వస్తుంది, జ్ఞాపిక మీద మా సంఘం ఫోను నంబరు ఉంది. ఏదీ మా సొంత తెలివి కాదు, అంతా మీ దగ్గర నేర్చుకున్నదే.

చివరిగా ఒక్క మనవి. ఈ సినిమాల అసలు నెగెటివులు ఏ గోదాములో, ఏ డబ్బాలో, ఎవరి పేరు మీద ఉన్నాయో మీకు తెలిసి ఉంటుంది. హక్కులు కొన్న రోజున కాగితాల మీద రాసుకునే ఉంటారు. ఆ చిరునామా ఒక్కటి మాకు చెప్పండి. శాలువాతో సహా ఈ పత్రంలోని ప్రతి పొగడ్తనూ ఆ క్షణమే వెనక్కి తీసుకుంటాం.

ఇట్లు,
మీ డిస్కులు కొన్న ప్రేక్షకులు